ఆగడం వచ్చిన టీచర్

నమోదు 1
జూలై 3, నా వాచీ ప్రకారం ఉదయం పది

ఈ దినచర్య నేను సరదాకి రాయడం లేదు. భూమి మీద శిక్షణ పొంది వచ్చిన టీచర్లు లైసెన్సు చేతికొచ్చేదాకా దినచర్య రాయాలనీ, దాన్ని లైసెన్సు అధికారి చదవాలనీ ఇక్కడి నిబంధన. కాబట్టి ఓదెలుగారూ, దీన్ని చదివేది మీరేనని తెలిసే రాస్తున్నాను. మీ గురించి ఏమైనా అటూ ఇటూగా రాస్తే అది మీ నిబంధన పుణ్యమే.

నా పేరు హైమావతి. తణుకు దగ్గర ఊరు మాది. లెక్కలు చెబుతాను. చెప్పేదాన్ని అనాలేమో. మా దగ్గర బడులు మూతపడలేదు గానీ టీచర్లకు పని పోయింది. పాఠాలన్నీ పిల్లల చెవిలో ఇమిడే గింజంత యంత్రాలు చెబుతున్నాయి. చివరి రెండేళ్లూ నా ఉద్యోగమల్లా, ఎవరి పాఠం వాళ్లు వింటున్న పిల్లలు కుర్చీల్లోంచి జారిపడకుండా చూడటం. అలాంటప్పుడు అంగారకుడి మీద ఎర్రమెట్ట అనే ఊళ్లో పాఠాలు మనుషులే చెప్పాలని పట్టుబట్టి కూర్చున్నారనీ, లెక్కల టీచరు కావాలనీ ప్రకటన చూశాను. చుట్టాలందరూ నాకేదో అయిందన్నట్టు చూస్తుండగానే వచ్చేశాను. తిరుగు ప్రయాణం సంగతి నేను అడగలేదు, వాళ్లూ ఎత్తలేదు.

ఎర్రమెట్ట మొత్తం నేల కిందే ఉంది. ఈ సొరంగాలు తవ్వడానికి మొదట బొగ్గుబావుల వైపు నుంచి మనుషుల్ని తెచ్చారట. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ ఆ యాసే మాట్లాడతారు. నా 'అండీ' వినగానే దుకాణంలో అమ్మాయి నవ్వు ఆపుకోలేక ఉల్లిపాయలు తప్పు తూచింది.

ఇవాళ లైసెన్సు ఆఫీసుకు వెళ్లాను. అధికారి ఓదెలుగారు సన్నగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల పక్కకు వాల్చి ఉంటారు. నా బీఎడ్ పట్టా, సర్వీసు పుస్తకం, ఉత్తమ ఉపాధ్యాయురాలిగా శాలువా కప్పించుకున్న ఫోటో, అన్నీ తీరిగ్గా చూశారు.

"మంచిగున్నయ్ మేడమ్. మస్తు మంచిగున్నయ్. కాని ఇవి భూమివి."

"అక్కడే చదువుకున్నానండి మరి."

"అదే అంటున్న. గాలి ఊకెనే దొరికే కాడ చదువుకున్నరు." ఫోటో మళ్లీ చూశారు. "గీ శాలువా తెచ్చుకున్నరా? ఈడ చలికి పనికొస్తది."

అదీ నా సర్వీసుకు దక్కిన విలువ.

పద్ధతి ఇలా ఉంది. నాకు తాత్కాలికంగా ఒక తరగతి ఇస్తారు. ఓదెలుగారు చెప్పి మరీ మూడుసార్లు వచ్చి వెనక కూర్చుని నా పాఠం చూస్తారు. ఒక్కసారి నచ్చినా లైసెన్సు. మూడుసార్లూ నచ్చకపోతే ఇక నేను ఎర్రమెట్టలో ఏ పనైనా చేసుకోవచ్చు, పాఠం తప్ప. ఈలోగా పొద్దునపూట బడి, మధ్యాహ్నం నుంచి తొట్లింట్లో ఆకుకూరలు పెంచే పని.

"దేన్ని చూసి మార్కులు వేస్తారండి?" అని అడిగాను.

"నేనెవర్ని మేడమ్ వెయ్యనీకి? పిల్లలే చెప్తరు."

పిల్లలు నా గురించి చెడ్డగా చెప్పడమా? నాకు నవ్వొచ్చింది. నా తరగతిలో గుండుసూది పడితే వినపడేది.

నమోదు 2
జూలై 9, నా వాచీ ప్రకారం మధ్యాహ్నం రెండున్నర. ఊరి వాళ్లు ఇప్పుడే టీలు తాగి బయల్దేరుతున్నారు

వాచీ సంగతి చెప్పాలి. మొదటి జీతంతో కొనుక్కున్నది, కీ ఇచ్చుకునే రకం. ఇక్కడి రోజు మన రోజు కంటే దాదాపు నలభై నిమిషాలు ఎక్కువని ఓడలోనే చెప్పారు. విన్నాను, తలూపాను, వాచీ మాత్రం ముట్టుకోలేదు. అది తణుకు టైము. దాన్ని చూస్తే అక్కడ మా చెల్లెలు ఏం చేస్తూ ఉంటుందో తెలుస్తుంది. దానివల్ల నేను టిఫినుకు వెళ్లేసరికి వంటింటి తలుపులు తీసి ఉండకపోవడం వేరే సంగతి.

తొట్లింటి పెద్ద లచ్చవ్వ. వరసగా పేర్చిన తొట్లలో పాలకూర, చుక్కకూర, మెంతికూర పెంచుతుంది. ఊరి కూర, ఊరి గాలిలో సగం ఈమె చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి ఎవరినైనా ఎంతమాటైనా అంటుంది.

"ఏందమ్మా, మొక్కను గట్ల బుజ్జగిస్తున్నవ్? అది నీ కాడ ట్యూషన్‌కు రాలె. నీళ్లు పొయ్యి, పక్కదానికి పో."

నిన్న ఇక్కడి పాత టీచరు పాఠం ఎలా చెబుతారో చూసి రమ్మంటే వెళ్లాను. అది తరగతో చేపల బజారో తెలియలేదు. ఇరవై మంది ఒకేసారి మాట్లాడతారు. ఆయన భాగహారం చేస్తుంటే మధ్యలో ఒక పిల్ల లేచి "ఆగు సారూ!" అంది. ఆగు! ఆయన వయసు అరవై ఉంటుంది. ఆయన నిజంగానే ఆగిపోయారు. ఆ పిల్ల వెళ్లి పలక మీద అంకె ఒకటి సరిచేసి వచ్చి కూర్చుంది. ఆయన "మంచిగాపినవ్ బిడ్డా" అని పాఠంలో పడ్డారు. చెవి మెలిపెట్టడం లేదు, బెంచీ ఎక్కించడం లేదు.

బయటికొచ్చాక పెద్దవాళ్లతో 'ఆగండి' అనాలని ఈ పిల్లలకు ఎవరూ నేర్పలేదా అని ఆయన్ని అడిగాను. "గా ఒక్క మాటకు మర్యాద పెట్టుకోలే మేడమ్. అంత టైముండదు" అన్నారు.

నా తరగతి దీనికి పూర్తిగా తేడాగా ఉంటుంది. ఓదెలుగారూ, చూద్దురుగాని.

నమోదు 3
జూలై 16, వాచీలో సాయంత్రం అవుతోంది. నాకు మాత్రం తెల్లారింది, ఒక్కసారిగా

మొదటి పాఠం అయింది. జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

ఓదెలుగారు వెనక కూర్చున్నారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని లోపలికి వెళ్లాను. పిల్లలు మాట్లాడుకుంటున్నారు. ముందు బెంచీలో రాజవ్వ అనే పిల్ల ఉంది. తొమ్మిదేళ్ల పిల్లకి తొంభై ఏళ్ల పేరు. ఇక్కడ సొరంగాలు తవ్విన అవ్వల పేర్లే మనవరాళ్లకు పెట్టుకుంటారు. ఆ రాజవ్వ వెనక్కి తిరిగి ఎవరితోనో వాదిస్తోంది. నేను బల్ల మీద గట్టిగా చరిచి, ఇన్నేళ్ల అనుభవమంతా గొంతులో పెట్టి ఒక్క కేక వేశాను.

"నిశ్శబ్దం!"

తరగతి టక్కున ఆగిపోయింది. ఆ ఒక్క క్షణం నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాతి క్షణంలో పిల్లలందరూ బెంచీల కింద నుంచి గాలి మాస్కులు తీసి తగిలించుకున్నారు. ఇద్దరేసి చొప్పున గోడల దగ్గరికి వెళ్లి చెవులు ఆనించారు. వేళ్ల మెటికలతో గోడ మీద కొట్టడం, వినడం, జరగడం, మళ్లీ కొట్టడం. రాజవ్వ తలుపు పక్కన ఉన్న ఎర్ర పిడిని రెండు చేతులా కిందికి లాగింది. ఎక్కడో దూరంగా పంపులూ ఫ్యాన్లూ ఒకటొకటిగా ఆగిపోయాయి. ఊరంతా చీమ చిటుక్కుమనలేదు. ఓదెలుగారు కూడా మాస్కు పెట్టుకుని గోడకు చెవి ఆనించి ఉన్నారు.

"ఏడ?" అన్నారు మాస్కులోంచి.

"ఏది ఎక్కడండి?"

"గాలి కారుడు. ఏడ విన్నరు?"

"ఏమీ కారడం లేదండి. పిల్లలు మాట్లాడుకుంటున్నారనీ..."

ఆయన మెల్లగా మాస్కు తీశారు. పిల్లలందరూ నావైపు తిరిగారు. రాజవ్వ నిజంగానే అర్థంకాక అడిగింది, "మాట్లాడితే ఏమైతది టీచర్?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

విషయమేమిటంటే, పూర్వం బొగ్గుబావిలో దిగగానే కర్రతో పైకప్పు కొట్టి, ఆ చప్పుడు విని, కూలుతుందో లేదో తేల్చుకునేవారట. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. ఎర్రమెట్టలో పెద్దవాళ్లు నోళ్లు మూయమన్నారంటే అర్థం ఒకటే, గోడ ఎక్కడో చిల్లిపడి గాలి బయటికి పోతోందని. మిగతా ఏ కారణానికీ ఎవరినీ నోరు మూయమనరు.

తలుపు తీసేసరికి తల నిండా సబ్బు నురగతో లచ్చవ్వ నిలబడి ఉంది. నీళ్లు మధ్యలో ఆగిపోయాయి మరి.

"ఎవలు? ఎవలు సప్పుడు బంద్ జేపిచ్చింది?"

ఇరవై వేళ్లు నావైపు చూపించాయి.

మొదటి పాఠం పోయింది.

నమోదు 4
ఆగస్టు 2. వాచీకీ ఊరికీ మాటలు లేవు

ఇప్పుడు నా పేరు హైమావతి కాదు, 'సప్పుడు బంద్ టీచర్'. వంటింట్లో నేను పళ్లెం పట్టుకుని వెళితే వరసలో ఉన్నవాళ్లు మాస్కులు తడుముకుంటారు. ఉల్లిపాయల అమ్మాయైతే నన్ను చూడగానే గోడకు చెవి ఆనిస్తుంది. నవ్వండి, నవ్వండి.

అయినా పట్టు వదల్లేదు. నోరు మూయించకూడదంటే, వాళ్లంతట వాళ్లే మూసుకునేలా చేస్తే సరి. పిల్లలకు కథలంటే పిచ్చి అని కనిపెట్టాను. ఇక్కడ నదుల పాఠం సైన్సులో లేదు, కథల పీరియడ్‌లో ఉంది. నేను గోదావరి చూశానన్నా, ఈదానన్నా నోళ్లు తెరుచుకుని చూస్తారు. లాంచీలో లెక్కలు, వరదలో లెక్కలు, పుష్కరాల రద్దీలో లెక్కలు. రెండు వారాల్లో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. రాజవ్వ అయితే బడి అయ్యాక నా వెనకే తొట్లింటిదాకా వచ్చి "అంత నీళ్లు ఊకెనే పోతుంటయా? ఎవలు ఆపరా?" అని అడుగుతుంది.

ఇవాళ రెండో పాఠం. దాన్ని మించిన పాఠం నా జన్మలో చెప్పలేదు. దూరపు సొరంగంలో ఒక మనిషి చిక్కుకుపోయాడు. అతని దగ్గర డెబ్బై మూడు గంటలకు సరిపోయే గాలి ఉంది. సరిగ్గా మూడు రోజులకు మనవాళ్లు వెళ్లి అతన్ని అందుకుంటారు. బతుకుతాడా? ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"మూడు ఇరవైనాలుగులు డెబ్బై రెండు. ఇంకా గంట గాలి మిగిలే ఉంది. బతికాడు!" అన్నాను చేతులు చాచి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజవ్వ పలకవైపు చూసింది, నావైపు చూసింది, చిన్నగా నవ్వి తల దించుకుంది. గౌరవం అనుకున్నాను.

వెనక నుంచి ఓదెలుగారు అన్నారు, "గా మనిషి సచ్చిండు మేడమ్."

"అదేమిటండీ?"

"ఈడ రోజుకు ఇరవై నాలుగ్గంటల మీద ఇంకో నలభై నిమిషాలు. మూడు రోజులంటే డెబ్బై నాలుగ్గంటలు. గాలి డెబ్బై మూడుకే. గంట ముందల పోయిండు."

తెలియని సంగతా అది? తెలుసు. అయినా నోటికి ఇరవై నాలుగే వచ్చింది. మిగులుతుందని చేతులు చాచి చెప్పిన గంట, ఆ మనిషికి లేని గంట.

"మీకు తెలుసా?" అని పిల్లల్ని అడిగాను.

అందరూ తలూపారు.

"మరి ఆపలేదేం?"

రాజవ్వ చెప్పింది. "కథ మంచిగ చెప్తున్నవ్ గదా. ఆపితే బాధపడ్తవని."

ఫెయిలయినందుకు కాదు, ఆ మాటకు ఏడుపొచ్చింది. ఎవరినైనా ఆపే పిల్లలు నన్ను ఆపలేకపోయారు. అది నేనే నేర్పాను, పదిహేను రోజుల్లో, ఎంతో ఇష్టంగా.

ఓదెలుగారు నాతోపాటు తొట్లింటిదాకా నడిచారు. "తప్పు జేసినవని ఫెయిల్ జెయ్యలే మేడమ్. నేను రోజుకు పది జేస్త." నడుస్తూనే అన్నారు, "మా నాయిన తవ్వకంల మేస్త్రి. ఎదురు మాట్లాడనిచ్చేటోడు కాదు. మస్తు మంచోడు, అందరికి ఇష్టం. ఒకనాడు దారి తప్పు పట్టిండు. ఎనక నలుగురు ఉండిరి. వాళ్లకు తెలుసు తప్పని. ఎవ్వలు ఆపలే."

తొట్లింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

నమోదు 5
ఆగస్టు 8 అని నేను అంటున్నాను. ఊళ్లో ఇంకా ఏడే. నా వాచీ ఊరికంటే ఒక రోజు మీద ఇంకో గంట ముందుకు వెళ్లిపోయింది

మూడో పాఠం మిగిలి ఉంది. అది పోతే ఈ చేతులతో ఇక సుద్దముక్క పట్టుకోను. తొట్ల పని చెడ్డదని కాదు. నాకు వచ్చింది ఒక్కటే పని, దానికోసమే ఇంతదూరం వచ్చాను. భూమి మీద ఆ పని లేదు. ఇక్కడా లేకపోతే ఇంకెక్కడా లేదు.

నా తప్పును పిల్లలు ఆపుతారా లేదా అన్నదే ఓదెలుగారు చూసేదని ఇప్పుడు అర్థమైంది. అందుకని వాళ్లు ఆపడానికి వీలుగా కావాలనే తప్పులు చేసి చూశాను. ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నాను.

"టీచర్, గది కావాలనే చేసినవ్ గదా" అంది రాజవ్వ. మిగతావాళ్లు జాలిగా చూశారు. నాటకాలు నా వల్ల కాదని ఆ రోజే తెలిసింది.

తర్వాత, దేనికైనా సరే ఆపమన్నాను. అంతే, నా పని అయిపోయింది. "ఆగు టీచర్, నీ కొంగు తడుస్తంది." "ఆగు టీచర్, నీకు తుమ్మొస్తంది." తల ప్రాణం తోకకొచ్చింది. ఇవి లెక్కలోకి రావని ఓదెలుగారు కబురంపారు. ఆయన నవ్వుతూ అన్నారో, మామూలుగా అన్నారో కబురు తెచ్చినవాళ్లు చెప్పలేదు.

అసలు సంగతి నిన్న తొట్లింట్లో జరిగింది. రాజవ్వ ఇంటికి కూర తీసుకెళ్లడానికి వచ్చింది. నేను వాచీ చూసి పని ముగిసిందని తట్ట దించేసి బయల్దేరుతున్నాను. నా మణికట్టు చూసి "ఆగు టీచర్. నీ వాచీ మొత్తం..." అంది.

"నాకు తెలుసులే!" అన్నాను. గట్టిగానే అన్నాను. "అది మా ఇంటి టైము."

ఆ పిల్ల నోరు టప్పున మూసుకుంది. కూర తీసుకుని వెళ్లిపోయింది. ఇది నేను కావాలని చేసిన తప్పు కాదు, కొంగూ తుమ్మూ కాదు. నిజంగా ఆపింది ఇదొక్కసారే. నేను ఆగలేదు.

లచ్చవ్వ మెంతికూర కోస్తూ తల ఎత్తకుండా అంది, "గట్ల కసిరితే రేపు నోరు తెరుస్తదా? నీకు లైసెన్సు గావాలంటవ్. పిల్లనేమో బెదిరిస్తవ్."

రాత్రంతా ఆ మూసుకున్న నోరే కనిపించింది. సిగ్గేసింది. ఇవాళ బడి అయ్యాక రాజవ్వను పిలిచి వాచీ తీసి చేతిలో పెట్టాను.

"నిన్న నువ్వు చెప్పబోయింది నిజమే. ఇది తప్పు టైము చూపిస్తోంది. సరిచేసినా మళ్లీ ముందుకు పరిగెడుతుంది. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. నువ్వు చూడు."

అటూ ఇటూ తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుంది. కీ పైకి లాగితే ముల్లు ఆగిపోతుందని కనిపెట్టింది. నొక్కితే నడుస్తుందని కనిపెట్టింది.

"ఖరాబ్ కాలే టీచర్. మంచిగనే నడుస్తంది. ఈడికి ఎక్వ నడుస్తంది, గంతే. రోజు జరసేపు ఆపితే సరిపాయె."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు," అంది, ఇంత పెద్ద టీచరుకు ఇదీ తెలియదా అన్నట్టు.

ఊరి గడియారం చూసి వాచీ సరిచేసింది. ఇక రోజూ సాయంత్రం ఆరింటికి టీ పెట్టుకుని వాచీ ఆపాలి, నలభై నిమిషాలయ్యాక నడిపించాలి. చెల్లెలు ఏం చేస్తూ ఉంటుందో ఇక వాచీ చెప్పదు. ఉత్తరంలో అడుగుతాను.

నమోదు 6
ఎర్రమెట్ట లెక్కలోనే రాస్తున్నాను. ఇవాళ శనివారం, మధ్యాహ్నం. అందరికీ మధ్యాహ్నమే

మూడో పాఠం అయిపోయింది. ఏమైందో నాకే సరిగా తెలియడం లేదు.

కావాలని తప్పు చేయకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పాఠం తొట్ల లెక్క. ఒక తొట్టిలో వంద పాలకూర మొక్కలు పడతాయి. తొట్టి పొడవూ రెట్టింపు, వెడల్పూ రెట్టింపు చేస్తే ఎన్ని పడతాయి? పలక మీద నాలుగు వందలు అని రాశాను. తర్వాత గీయవలసిన బొమ్మ నా తలలో సిద్ధంగా ఉంది. దాని తర్వాతి లెక్కా సిద్ధంగా ఉంది. పాఠం అద్దంలా సాగుతోంది.

"ఆగు టీచర్!"

రాజవ్వ లేచి నిలబడింది. "రెట్టింపు జేస్తే రెండొందలు గావాలె. నువ్వు నాలుగొందలు రాసినవ్."

ఓదెలుగారూ, ఇక్కడ నిజం రాస్తాను. ఈ లెక్క నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. అది నాలుగు వందలే. 'కూర్చోమ్మా, నాకు తెలుసు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో మాట కూడా మనసులోకి వచ్చింది. ఇది నా తప్పు కాదు, కాబట్టి ఈ ఆపడం మీ లెక్కలోకి రాదు. దీనితో కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది, లైసెన్సూ అయిపోతుంది.

పిల్ల ముఖం చూశాను. వాచీ దగ్గర కసురుకున్న టీచర్నే మళ్లీ ఆపడానికి లేచింది.

సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

"ఆగాను. ఎలా చూద్దాం?"

"తొట్లతోటి," అంది.

తరగతి తరగతంతా తొట్లింటికి నడిచింది. లచ్చవ్వ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నా తొట్లు! నా మొక్కలు! లెక్కలు మీ బళ్లె జేస్కోండ్రి!" ఎవరూ వినలేదు. ఖాళీ తొట్లు రెండు పక్కపక్కన పెట్టి రాజవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అగో. రెట్టింపు. రెండొందలు."

నేను నోరు బిగించుకుని నిలబడ్డాను. నా సర్వీసు మొత్తంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

తొట్ల చుట్టూ ఒక పిల్ల రెండుసార్లు తిరిగింది. "పొడుగైంది గని, యెడల్పు గట్లనే ఉన్నది గదనే" అంది. రాజవ్వ చూసింది. ఇంకో తొట్టి తెచ్చి కింద పెట్టింది. మూల ఖాళీగా కనిపించింది. నాలుగోది తెచ్చింది. వేలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఒప్పే రాసినవ్ టీచర్." ముఖం చిన్నబోయింది. "ఊకెనే ఆపిన."

"ఊరికే కాదమ్మా. మంచిగాపావు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. నాలుగు తొట్లు నేల మీద పరిచి చూడటం ఇన్నేళ్లలో నాకే తట్టలేదు.

అప్పుడు వెనక నుంచి ఎవరో అడిగారు, "మరి లోతు గూడ రెట్టింపు జేస్తే?" పిల్లలు తొట్ల మీద తొట్లు ఎక్కించడం మొదలుపెట్టారు.

"ఒద్దు! ఎనిమిది తొట్లు నేనియ్య!" అని లచ్చవ్వ గావుకేక పెట్టింది.

"ఆగు లచ్చవ్వా! జవాబు చెప్పకు!" అని ఇరవై గొంతులు ఒకేసారి అరిచాయి. లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగిపోయింది.

బెల్లు కొట్టారు. నా బొమ్మ గీయలేదు, రెండో లెక్క చెప్పలేదు, తప్పు చేయలేదు. ఓదెలుగారు ఫలితం చెప్పకుండానే తడిసిన చెప్పులతో వెళ్లిపోయారు.

పిల్లలు నవ్వుతూ వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. లైసెన్సు రాకపోయినా ఇలాంటి పీరియడ్ ఒకటి చెప్పాను. అలా అనుకుని ధైర్యం తెచ్చుకుందామనుకున్నాను గానీ రాలేదు. నాకు లైసెన్సు కావాలి. చాలా కావాలి.

నమోదు 7
సోమవారం సాయంత్రం

ఓదెలుగారు ఆఫీసుకు రమ్మన్నారు. వెళ్లాను. ఇస్త్రీ చీర కట్టుకోలేదు, తొట్లింటి నుంచి నేరుగా వెళ్లాను. ఫెయిలయ్యారని వినడానికి ఏ చీరైనా ఒకటే కదా.

ఆయన బల్ల మీద ఒక కార్డు పెట్టారు. నా పేరు, నా ఫోటో. శాలువా ఫోటోనే వాడారు.

కార్డు ముట్టుకోకుండానే అడిగాను. "నేను తప్పు చేయలేదు కదండీ. వాళ్లు తప్పును ఆపలేదు కదా. ఎలా పాసయ్యాను?"

"తప్పు జేసినోళ్లను ఆపితే ఎవలైన ఆగుతరు మేడమ్. సిగ్గుకైన ఆగుతరు." తల పక్కకు వాల్చారు. "నువ్వు ఒప్పని తెల్సి ఆగినవ్. గా పిల్ల ఇగ ఎవ్వల్నైన ఆపుతది."

కళ్లు తుడుచుకున్నాను. ఆయన మర్యాదగా గోడవైపు చూశారు. తర్వాత కార్డు చేతికిస్తూ చదివారు, "ఐదేండ్లకు చెల్లుతది. గా తర్వాత మళ్ల..."

"ఆగండి" అన్నాను.

ఆయన ఆగారు. నోరు తెరిచింది తెరిచినట్టే ఆగారు.

"ఐదేళ్లంటే ఎవరి ఏళ్లండీ? భూమివా, మీవా? మీ ఏడాది మా ఏడాదికి దాదాపు రెట్టింపు. కార్డు మీద ముగిసే తేదీ చూడండి. భూమి లెక్కలో వేసినట్టున్నారు."

కార్డు వెనక్కి తీసుకుని, వేళ్ల మీద లెక్కపెట్టి, నావైపు చూసి, మళ్లీ లెక్కపెట్టారు. "మంచిగాపినవ్ మేడమ్" అని తేదీ కొట్టేసి కొత్తది రాశారు. అలా నా బతుకులో ఇంకో నాలుగున్నరేళ్లు కలిపి ఇచ్చారు. లైసెన్సు అధికారికి లెక్క దిద్దాననే సంగతి ఊరంతా చెప్పుకుంటాను, ముందే చెబుతున్నాను.

దారిలో ఉల్లిపాయల అమ్మాయి నన్ను చూసి అలవాటుగా గోడకు చెవి ఆనించింది. కార్డు చూపించాను. చెవి తీసి చప్పట్లు కొట్టింది. లచ్చవ్వ మాత్రం రేపటి నుంచి తన దగ్గర పనికి ఎవరొస్తారని తిట్టి, మెంతికూర కట్ట ఒకటి చేతిలో పెట్టింది.

గదికి వచ్చి టీ పెట్టుకున్నాను. వాచీ కీ పైకి లాగి బల్ల మీద పెట్టాను. ముల్లు ఆగింది. కప్పు చేత్తో పట్టుకుని రేపటి పాఠం గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. అలా ఎంతసేపు కూర్చున్నానో, టీ చల్లారిపోయింది.

తలుపు చప్పుడైంది. రాజవ్వ తల లోపలికి పెట్టింది.

"టీచర్, నలభై నిమిషాలు అయిపాయె. ఇగ నడిపియ్యి."

కీ నొక్కాను. ముల్లు నడిచింది.